నాదసాధనలో అపరిగ్రహం

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్య మహర్షి మైత్రేయికి ఆత్మతత్త్వాన్ని ఉపదేశిస్తూ మూడు దృష్టాంతాలు చూపుతాడు: మ్రోగుతున్న దుందుభి, ధ్వనిస్తున్న శంఖం, పలుకుతున్న వీణ. వాటి నుండి వెలువడే శబ్దాలను ఒక్కొక్కటిగా వెంటాడి పట్టుకోవడం ఎవరికీ శక్యం కాదు. వీణను గాని, వైణికుని గాని పట్టుకుంటే నాదం దానంతట అదే పట్టుబడుతుంది. మూలాన్ని గ్రహించినవానికి విశేషాలన్నీ వశమవుతాయని దీని తాత్పర్యం.

ఈ ఉపదేశం నేటి సంగీత విద్యార్థికి యథాతథంగా వర్తిస్తుంది. కంప్యూటరుపై భజనలకు, కీర్తనలకు, లఘుచిత్రాలకు స్వరరచన చేసే యువకులు నేడు ఎందరో ఉన్నారు. వారి యంత్రాలలో ప్లగిన్లనే వాద్యసాధనాలు పదులు, వందలుగా పేరుకుంటాయి. ఒక్కొక్కదానిలో ప్రీసెట్లనే సిద్ధధ్వనులు వందలకొద్దీ ఉంటాయి. తగ్గింపు ధర ప్రకటించినప్పుడల్లా మరొకటి చేరుతుంది. మొదలుపెట్టిన పాట మాత్రం పూర్తి కాదు. లోపం అభ్యాసంలో ఉందని తోచక, అది పరికరంలోనే ఉందన్న భ్రమతో విద్యార్థి మళ్ళీ అంగడి వైపే చూస్తాడు. కొన్న క్షణంలో కలిగే తృప్తి నేర్చుకున్నంత తృప్తిగా భాసిస్తుంది. ఈ మోహం అంత బలమైనది కావడానికి ఇదే కారణం.

ఈ వ్యాధికి ఔషధం తెలుగునేలపైనే ఉంది. ఏలూరు జిల్లాలోని నూజివీడు చిన్నరసాల మామిడికి ఎంత ప్రసిద్ధమో, వీణల తయారీకీ అంత ప్రసిద్ధం. పనస మ్రానును తొలిచి, కుండ, దండి ఒకే కొయ్యలో వచ్చేట్లు ఏకాండి వీణను మలచడం అక్కడి శిల్పుల విద్య. ఆ వీణకు వాయించే తంత్రులు నాలుగు, తాళపు తంత్రులు మూడు, మైనంపై నిలిపిన మెట్లు ఇరవై నాలుగు. స్థాయికి పన్నెండు స్వరస్థానాల చొప్పున రెండు స్థాయిలకు ఇరవై నాలుగు మెట్లు. ఇంతే సామగ్రి. డెబ్బై రెండు మేళకర్తలు, వాటి జన్యరాగాలు సమస్తం ఈ మెట్ల మీదనే పలుకుతాయి. కల్యాణి నేర్చినవాడు తోడి నేర్వడానికి మరో వీణ కొనడు.

ఈ సౌలభ్యం వెనుక ఒక శాస్త్రచర్చ ఉంది. విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధి వీణలలో ఏకరాగమేళం, సర్వరాగమేళం అనే భేదాన్ని చెబుతుంది. మొదటి దానిలో మెట్లు ఒక రాగానికి అనువుగా అమరి ఉంటాయి. రాగం మారితే అమరిక మారాలి. రెండవదానిలో మెట్లు స్థిరం, వాటిపై రాగాలన్నీ సాధ్యం. కాలక్రమంలో దక్షిణదేశం సర్వరాగమేళాన్నే వరించింది. దానిపై రాగభేదాన్ని చూపవలసిన భారం వైణికుని వేళ్ళపై, చెవిపై, బుద్ధిపై పడింది. ఆ భారమే అతనిని విద్వాంసుణ్ణి చేసింది. నేటి ప్రీసెట్ల భాండాగారం ఏకరాగవీణల గుట్ట వంటిది. ఏది తీసినా ఒక్క పలుకు పలుకుతుంది, పలికించేవానికి ఏమీ నేర్పదు.

సింథసైజరు స్వభావతః సర్వరాగవీణ జాతికి చెందినదే. 1970లో వెలువడిన మినీమూగ్‌లో సిద్ధధ్వనుల నిలువ లేనే లేదు. ధ్వనిని పుట్టించే ఆసిలేటర్లు మూడు, దానిని వడకట్టే ఫిల్టరు ఒకటి, పెరుగుదలను, తరుగుదలను శాసించే ఎన్వలపులు. వీటితోనే వాదకుడు ప్రతి ధ్వనినీ స్వయంగా నిర్మించుకోవలసి వచ్చేది. రంపపు పళ్ళ ఆకృతి గల తరంగంలో అనుస్వరాలన్నీ ఉంటాయి. చతురస్ర తరంగంలో బేసి అనుస్వరాలే ఉంటాయి. ఫిల్టరు అక్కరలేని వాటిని తొలగిస్తుంది. పనసకొయ్యలో అక్కరలేనిది తొలగితే వీణ మిగిలినట్లు, ఇక్కడ కోరిన నాదం మిగులుతుంది. మీటగానే పుట్టి క్రమంగా క్షీణించేది వీణానాదం. ఊపిరి ఉన్నంతసేపు నిలిచేది వేణునాదం. ఎన్వలపు తత్త్వం తెలిసినవాడు ఒకే ఆసిలేటరుపై ఈ రెండింటి స్వభావాన్నీ చూపగలడు. తెలియనివాడు వీణ అని పేరున్న ప్రీసెట్ తెరిచి మీట నొక్కుతాడు. స్వరం పలుకుతుంది గాని గమకం పలకదు. గమకం తంత్రిని లాగే వేలిలో ఉంది, పేరులో లేదు.

పేరుకూ తత్త్వానికీ గల ఈ అంతరాన్ని ఛాందోగ్యోపనిషత్తు నారదుని కథలో చూపింది. నాలుగు వేదాలు మొదలుకొని ఎన్నో విద్యలు అభ్యసించిన నారదుడు సనత్కుమారుని ఆశ్రయించి, ఇన్ని తెలిసినా ఆత్మను ఎరుగనని, శోకంలో ఉన్నానని విన్నవిస్తాడు. అవన్నీ నామమాత్రమని సనత్కుమారుడు బదులిస్తాడు. వేదవిద్యల సంగ్రహమే శోకాన్ని తీర్చలేనప్పుడు ప్లగిన్ల సంగ్రహం ఏమి తీరుస్తుంది?

దీనికి ఒక ఆక్షేపం సహజం. మంచి వీణ కొనే స్తోమత లేని పేద విద్యార్థికి ఉచితంగా లభించే ప్లగిన్ వరం కాదా? నిస్సంశయంగా వరమే. చలనచిత్ర సంగీతం వంటి వృత్తులలో బహువాద్యాలు అవసరం కూడా. పతంజలి యమాలలో చేర్చిన అపరిగ్రహం దారిద్ర్యవ్రతం కాదు. జనకునికి రాజ్యం ఉంది, రాజ్యంపై పట్టు లేదు. పరికరం ఉండడం దోషం కాదు. అభ్యాసానికి బదులుగా దానిని చేర్చుకోవడమే దోషం. ఇంకొక్కటి కావాలనిపించినప్పుడు, ఉన్నదానిని చివరివరకు ఎరిగానా అని ప్రశ్నించుకుంటే వివేకం మేల్కొంటుంది.

అభ్యాసం దీర్ఘకాలం, ఎడతెగకుండా, ఆదరంతో సాగితేనే దృఢమవుతుందని యోగశాస్త్రం విధించింది. సరళీ వరుసలను మాయామాళవగౌళలో నెలల తరబడి సాధన చేయించే సంప్రదాయం ఈ సూత్రానికి ఆచరణరూపం. నవీన వాద్యానికీ ఇదే దీక్ష తగును. ఒక మండలకాలం ఒకే సింథసైజరు, ఒకే ఆసిలేటరు, ఒకే ఫిల్టరు. ప్రీసెట్లు తెరవరాదు, కొత్తది కొనరాదు. నలభై రోజులలో చెవి పదునెక్కుతుంది. విన్న ధ్వని ఎలా పుట్టిందో ఊహకు అందుతుంది. ఆపై చేర్చుకునే ప్రతి పరికరమూ నిజంగా ఉపకరిస్తుంది.

ఈ విచారణ సంగీతంతో ఆగదు. వందల స్తోత్రాలు ఫోనులో నింపుకొని ఒక్కటైనా కంఠస్థం చేయని భక్తుడు, ప్రవచనాలు దాచుకొని ఒక్క వాక్యాన్నైనా మననం చేయని జిజ్ఞాసువు ఇదే పరిగ్రహంలో చిక్కుకున్నవారు. మామిడిచెట్టు కొమ్మల నిండా పూస్తుంది, పిందెలను చాలావరకు రాల్చుకుంటుంది, మోయగలిగినన్ని కాయలనే పండిస్తుంది. యాజ్ఞవల్క్యస్మృతి వీణావాదన తత్త్వం ఎరిగినవానికి మోక్షమార్గం అనాయాసమని చెప్పింది. అక్కడ ఫలం ప్రకటించింది తత్త్వం ఎరిగినవానికే. వాద్యాల సంఖ్య ఎంతో ఆ స్మృతి అడగలేదు.