దస్తూరి ఖతులు – వాని తావు

కంప్యూటరున అక్షరములకు రూపమిచ్చు ఫాంటును మనవారు ఖతి యనుచున్నారు. వానిలో చేతివ్రాతను పోలిన తెగ యొకటి కలదు. శుభలేఖలనుండి పరిశోధనగ్రంథముల అట్టలవరకు అది నేడు వ్యాపించినది. అట్టపై నుండుటకు నాకు అభ్యంతరము లేదు. అట్ట దాటి లోపలి పుటలకు వచ్చుటయే చింతింపదగినది.

తెలుగున ఈ తెగకు ఒరవడి బాపు (1933–2014) దస్తూరి. కథల శీర్షికలకును, ముఖపత్రములకును, వ్యంగ్యచిత్రముల క్రింది మాటలకును ఆయన వ్రాసిన అక్షరములు బొమ్మలో భాగముగ నుండెడివి. చోటునుబట్టి సాగును, ఒదుగును. ఖతిగా మారినప్పుడు మొదట పోవునది ఈ గుణమే. 'అమ్మమ్మ' యను మాటలోని రెండు 'మ్మ'లను యంత్రము ఒకే అచ్చున పోసినట్లు చూపును. సందర్భమునుబట్టి రూపమును మార్చు ఏర్పాటు ఓపెన్‌టైప్ విధానమున కలదు గాని, గుణింతములకును వత్తులకును వందలకొలది రూపములు గీసిన చేయి వానికి రెండవ రూపము గీయ నోపునా?

ఇంతకంటె ముఖ్యమైన చిక్కు వేరొకటి. నేను బోధించునది తెలుగునాటికి వెలుపల. నా తరగతిలో ఇరువదియేండ్ల వయస్సున ఓనమాలు దిద్దువారు కలరు. 'ప'కును 'వ'కును గల భేదము తలకట్టు విడిపడుటయా, అంటుకొనుటయా యనునంతే. 'ద'కు అడుగున గీత చేరిన 'ధ'. కడుపున చుక్కయు చేరిన 'థ'. దస్తూరి ఖతి విసురులో మొదట చెదరునవి ఈ చిన్న గుర్తులే. గోడప్రకటనలోని 'వాడు'ను ఒక విద్యార్థిని 'పాడు' అని చదివినది. అక్షరము అట్లే యున్నది మరి. మనము సందర్భముచే చదివికొందుము. ఆమె అక్షరముచేతనే చదువవలెను.

హాస్యచిత్రములలోని మాటల బుడగలను చూచి 1994లో మైక్రోసాఫ్టు సంస్థలో గీసిన కామిక్ శాన్స్ ఖతిని అందరు నెరుగుదురు. 2012 జూలై 4న సెర్న్ సభలో హిగ్స్ బోసాన్ వార్తను ఒక బృందము ఆ ఖతితోనే తెరపై చూపగా పలువురు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. తెరపైని పెద్ద అక్షరములు, చూచునది క్షణకాలము; తరువాత పత్రికలో వెలువడిన వ్యాసము మామూలు అచ్చక్షరములలోనే యున్నది గదా!

మన శాఖల ప్రకటనలలోను ఇట్టి పద్ధతియే మేలు. నాటక ప్రదర్శనమునకో, కవిసమ్మేళనమునకో శీర్షిక దస్తూరి ఖతిలో నుండవచ్చును. అందు చనువు కలదు, పిలుపు కలదు. తేదీ, స్థలము, వక్త పేరు మాత్రము నిలకడగల అచ్చుఖతిలో నుండవలెను. సంతాపసభకు ఆ చనువు పనికిరాదు. పాఠాంతరములు చూపు పుటలందు ఎంతమాత్రమును వలదు. అచట ఒక వత్తు జారిన పాఠమే మారును.

ఖతులు గీయువారికి ఒక మనవి. తలకట్టును ఎంతయైన విసరుడు. 'ప'కు మాత్రము విడిగా నుంచుడు, 'వ'కు అంటించుడు. 'థ' కడుపులోని చుక్కను మరువకుడు.