టైర్లు మార్చాలా, కారునే మార్చాలా?



ఆత్మకూరు సమీప గ్రామం నుండి ఒక సోదరి వ్రాసిన లేఖకు ఈ నెల సమాధానం వ్రాస్తున్నాను. 2013లో కర్నూలులో కొన్న చిన్న పెట్రోలు కారు వారి ఇంట ఉన్నది. ఇప్పటికి 76 వేల కిలోమీటర్లు తిరిగింది. భర్తకు గుండె జబ్బు. నెలకు రెండు మార్లు నందికొట్కూరు మీదుగా కర్నూలు ఆసుపత్రికి వెళ్ళి రావడానికి ఆ కారే ఆధారం. నాలుగు టైర్లు, బ్యాటరీ, క్లచ్ మార్చాలని, అందుకు 27 వేల రూపాయలు అవుతాయని మెకానిక్ చెప్పాడు. ఇంజను మాత్రం బాగున్నదన్నాడు.

ఇంట్లో మూడు అభిప్రాయాలు తలెత్తాయి. పాత బండిపై 27 వేలు పోయడం దండగని, దానిని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి, తక్కువైన నాలుగున్నర లక్షలు బ్యాంకులో తీసుకొని కొత్త కారు కొందామని పెద్దబ్బాయి పట్టుబడుతున్నాడు. ఉన్న టైర్లకే నల్లరంగు పూయించి బయట అమ్మేద్దామని, మూడేండ్ల క్రితం కారు కల్వర్టుకు గుద్దుకొని ముందుభాగం మార్పించిన సంగతి ఎవరితోనూ అనవద్దని మరిది సలహా. భర్త ఏమీ అనడం లేదు. "మౌలానా సాహెబ్, నాకు కారు సంగతులు తెలియవు, హలాల్ హరామ్ మాత్రమే తెలుసుకోగోరుతున్నాను" అని ఆమె వ్రాశారు.

సోదరీ, ఈ వ్యవహారంలో ఆ రెండూ విడివిడిగా లేవు. ముందు టైర్ల సంగతి తేల్చుదాం. కారు అమ్మినా ఉంచినా వచ్చే వారం మీవారిని ఆసుపత్రికి తీసుకుపోవలసింది వాటిమీదే కదా.

టైరు గాళ్ళలో, అడుగున, అడ్డంగా చిన్న చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. టైరు పై అంచు అరిగి ఆ దిమ్మెలతో సమానమైనదంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగిందని అర్థం. కారు టైరుకు మన దేశపు మోటారు వాహన నియమాలు విధించిన కనీస హద్దు అదే. ఆ తరువాత దానిపై నడపడం చట్టవిరుద్ధం. చట్టం మాట అటుంచినా, గాడి లేని టైరు వాన నీటిని పక్కకు నెట్టలేదు. బ్రేకు వేసినా బండి నీటిపై జారిపోతుంది. ఏడాదంతా వానకు ముఖం వాచే మన సీమలో ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు. తొలకరి రోజున నూనె, దుమ్ము కలిసి రోడ్డు జారుడుబండ అయినప్పుడు గాని తెలిసిరాదు.

అరుగుదల ఒక్కటే చూస్తే చాలదు. టైరు పక్కభాగాన ఒక వరుస అక్షరాల చివర నాలుగు అంకెలు ముద్రించి ఉంటాయి. 3418 అని ఉంటే 2018లో 34వ వారం తయారైనదని భావం. తక్కువ తిరిగే ఇంటి కార్లలో గాళ్ళు ఇంకా లోతుగానే ఉండగా రబ్బరు వయసుతో గట్టిపడి, పక్కభాగాన వెంట్రుక వంటి బీటలు తీస్తుంది. మే నెలలో 42, 43 డిగ్రీల ఎండకు కాగిన కర్నూలు తారురోడ్డుపై ఆ ముసలి రబ్బరు ఎక్కువ కాలం నిలువదు. అయిదేండ్లు దాటిన టైర్లను ఏటా పరీక్ష చేయించాలి. పదేండ్లు నిండినవి ఎంత కొత్తగా కనిపించినా తీసివేయవలసిందే. కొనేటప్పుడు కూడా ఆ నాలుగు అంకెలు చదివి కొనండి. అంగడివాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

డబ్బు సర్దుబాటు కాక ఈ నెల రెండే మార్పించగలిగితే, కొత్త జత వెనుక చక్రాలకు వేయించండి. మన పంక్చరు అంగళ్ళలో ఇంజను ముందున్నదని కొత్తవి ముందుకే వేస్తారు. వెనుక టైర్లు పట్టు తప్పితే బండి గిరుక్కున తిరుగుతుంది, దానిని అదుపు చేయడం అనుభవశాలికి కూడా కష్టం. ముందువి జారితే యాక్సిలరేటరు వదిలి కొంతవరకు సంబాళించుకోవచ్చు. అయితే అరిగిన ముందు టైర్లు పైన చెప్పిన హద్దుకు దిగి ఉంటే ఈ సలహా వర్తించదు, నాలుగూ మార్చవలసిందే. ఎవరో వాడి తీసేసిన టైర్లు సగం ధరకు దొరుకుతాయి. గుండెజబ్బు మనిషిని కూర్చోబెట్టుకొని వెళ్ళే బండికి అవి వద్దు.

గాలి కొలత డ్రైవరు తలుపు తెరిస్తే ఆ చట్రంపై అంటించిన కాగితంలో ఉంటుంది. ఉదయం బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించాలి. మధ్యాహ్నం వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తున్నదని తీయించకండి, చల్లారాక అది తక్కువైపోతుంది. ఎండాకాలంలో గాలి తగ్గిస్తే టైరు పగలదని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉన్నది. నిజం తలకిందులు. గాలి తక్కువైన టైరు పక్కభాగం ప్రతి చుట్టుకూ వంగి లేచి, లోలోపల కాగి, అప్పుడే పగులుతుంది. ఇక నైట్రోజన్ గాలి విషయం: మనం పీల్చే మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉన్నది. ఉచితంగా పోస్తే పోయించుకోండి, దానికోసం ప్రత్యేకంగా రుసుము చెల్లించనక్కరలేదు.

ఇప్పుడు పెద్దబ్బాయి మాటకు వద్దాం. పిల్లవాడి కోరికను నేను తప్పుపట్టను. తండ్రి సుఖంగా ప్రయాణం చేయాలన్న తలంపు అందులో ఉన్నది. పాత కారు ఇచ్చి, పైన డబ్బు కలిపి కొత్త కారు తీసుకోవడంలో ధర్మపరంగా అభ్యంతరం లేదు. బంగారానికి బంగారం మార్చుకొనే వేళ ఎక్కువ తక్కువలు ఉండరాదన్న ఆజ్ఞ కార్లకు వర్తించదు. అభ్యంతరమల్లా ఆ నాలుగున్నర లక్షల దగ్గర ఉన్నది. తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఏడేండ్ల గడువుతో తీసుకుంటే నెలకు సుమారు 7,355 రూపాయలు, 84 నెలలు కట్టాలి. మొత్తం 6 లక్షల 17 వేల 800 రూపాయల దరిదాపుకు వస్తుంది. అందులో 1 లక్షా 67 వేల 800 వడ్డీ. వడ్డీ హరామ్ అన్నది మీకు నేను చెప్పవలసిన విషయం కాదు. ఈ అంకెలు వ్రాసినది అబ్బాయి కోసం. 27 వేలు దండగ అన్నవాడు ఈ లక్షా అరవై ఏడు వేలను ఏ ఖాతాలో వ్రాస్తాడో కాగితం, కలం తీసుకొని అతనే కూర్చొని లెక్క వేయాలి.

కారు విలువ అటు దిగుతూనే ఉంటుంది. బీమా సంస్థలు విలువ కట్టే పట్టిక ప్రకారమే ఏడాది నిండే నాటికి 15 శాతం, నాలుగేండ్లు దాటి అయిదేండ్లకు వచ్చేసరికి సగం తరుగుతుంది. అంటే అయిదో ఏడు కంతు కట్టే నాటికి బండి సగం విలువకు దిగి ఉంటుంది, ఇంకా రెండేండ్ల కంతులు మిగిలి ఉంటాయి.

2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై జీఎస్టీ 28 శాతం, ఆపై సెస్సు ఉన్నది 18 శాతానికి తగ్గింది. కొత్తవి చవకయ్యాయి, నిజమే. కొత్తది దిగినప్పుడు పాతది పాత ధరకే పోవాలని ఆశించరాదు. అబ్బాయి ఎక్స్ఛేంజ్ ధర అడిగేటప్పుడు రెండు ప్రశ్నలు వేయాలి. పాత కారు ఇవ్వకుండా కొత్తది కొంటే ఎంత తగ్గింపు ఇస్తారు? ఇస్తే ఎంత? చాలాసార్లు ఎక్స్ఛేంజ్ బోనస్ అని ఒక చేత్తో ఇచ్చినది పాత కారు విలువ తగ్గించి మరో చేత్తో తీసుకున్నదే అవుతుంది. రెండు అంకెలూ పక్కపక్కన పెడితే గాని పాత కారుకు నిజంగా పలికిన ధర తేలదు. మీ పేరున ఉన్న బీమాలో క్లెయిము చేయనందుకు లభించే రాయితీ ఉంటే అది కారుతో పోదు, మీతో వస్తుంది. వరుసగా అయిదేండ్లు క్లెయిము లేకపోతే అది 50 శాతం వరకు ఉంటుంది. అమ్మేటప్పుడు బీమా కార్యాలయం నుండి ఆ ధ్రువపత్రం తీసుకోవడం మరువకండి.

మరిది సలహా గురించి కొంచెం నిదానంగా వ్రాయాలి.

దైవప్రవక్త (స) ఒకనాడు అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిందని, ఆ తడి గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి అడిగారని, మోసగించేవాడు మనవాడు కాడని హెచ్చరించారని సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉన్నది. ఆ వర్తకుడు అబద్ధమేమీ ఆడలేదు, గమనించండి. వానకు తడిసిందని తరువాత ఒప్పుకున్నాడు కూడా. పొడి గింజలు పైన, తడి గింజలు కింద ఉన్నాయి, అంతే. అరిగిన టైరుకు నల్లరంగు పూయడం దానికంటె ఒక మెట్టు ఎక్కువే.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహ్) కూఫాలో బట్టల వ్యాపారం చేసేవారు. ఒక వస్త్రంలో లోపం ఉన్నదని, దానిని చూపించి అమ్మాలని చెప్పి భాగస్వామికి సరుకు పంపారు. అతడు మరిచిపోయి చెప్పకుండానే అమ్మాడు. కొన్నవారెవరో తెలియలేదు. ఇమామ్ ఆ సరుకు సొమ్మంతా దానం చేశారని చరిత్రకారులు వ్రాశారు. మన ఫిఖ్హ్ గ్రంథాలలో ఖియారుల్ ఐబ్ అనే అధ్యాయం ఉన్నది. చెప్పకుండా దాచిన లోపం బయటపడితే వస్తువు తిప్పి ఇచ్చి సొమ్ము తీసుకొనే హక్కు కొన్నవానికి ఉంటుంది. "ఉన్నది ఉన్నట్టు తీసుకో, తరువాత నాకు సంబంధం లేదు" అని ముందే అంటే చాలదా అని దళారులు అడుగుతారు. హనఫీ పండితుల ప్రకారం ఆ మాటతో తిప్పి ఇచ్చే హక్కు పోవచ్చు. తెలిసి తెలిసి దాచిన పాపం మాత్రం ఆ మాటతో పోదు. మీటరు తిప్పి కిలోమీటర్లు తగ్గించడమూ ఇంతే. తూకంలో దగా చేసేవారిని ఖండిస్తూ ముతఫ్ఫిఫీన్ సూరా అవతరించింది. తక్కెడ స్థానంలో మీటరు వచ్చినంత మాత్రాన దగా మారదు.

కల్వర్టు సంగతి చెబితే ధర పది పదిహేను వేలు తగ్గవచ్చు. మరమ్మతు రసీదులు ఉంటే వాటినే చూపించండి. ఏ భాగం మార్చారో తెలిసినవాడు నమ్మకంగా కొంటాడు. మీరే కొనేవారి స్థానంలో ఉంటే ఏమి చూస్తారో కూడా తెలుసుకోండి. 2009 అక్టోబరులో కర్నూలు మునిగిన నాటి నీళ్ళు మనకు గుర్తున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. అటువంటి బండ్లు కడిగి తుడిచి దూరపు ఊళ్ళలో అమ్ముడుపోతాయి. సీటుబెల్టును చివరిదాకా లాగి మట్టి చార ఉన్నదేమో చూడండి. తివాచీ ఎత్తి వాసన చూడండి. హైదరాబాదు కారు చవకగా వచ్చిందని ఎగబడేవారు అక్కడి రవాణా కార్యాలయం ఎన్‌ఓసీ, మన రాష్ట్రంలో మళ్ళీ రిజిస్ట్రేషన్, జీవితకాల పన్ను ఖర్చు కలిపి లెక్క వేసుకోవాలి. వేరే రాష్ట్రపు నంబరుతో పన్నెండు నెలలకు మించి ఇక్కడ నడపడం కుదరదు.

అమ్మేనాడు ఖాళీ కాగితాలపై సంతకాలు చేసి దళారి చేతిలో పెట్టే అలవాటు మనలో బలంగా ఉన్నది. ఇది ప్రమాదకరం. ఒక వ్యక్తి 2007లో అమ్మిన కారు చేతులు మారి 2009లో ప్రమాదానికి గురైంది. రిజిస్ట్రేషన్ మాత్రం మొదటివాని పేరునే ఉన్నది. పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదే అని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న తీర్పు చెప్పింది. కనుక 29, 30 నంబరు ఫారాలు నింపి, పేరు మారిన కాగితం కంటితో చూసేవరకు వ్యవహారం ముగిసిందని అనుకోకండి. సొమ్ములో కొంత తరువాత ఇస్తానంటే వ్రాయించుకోండి. బఖరా సూరా 282వ ఆయతు అప్పును వ్రాసుకోమనే ఆదేశిస్తున్నది. అన్నదమ్ముల మధ్య కాగితమెందుకని మొహమాటపడనక్కరలేదు. ఫాస్టాగ్ కూడా మూసివేయించాలి. లేకుంటే కొన్నవాడు హైదరాబాదు పోయివచ్చిన టోలు మీ ఖాతాలో పడుతుంది.

నా అభిప్రాయం అడిగారు కనుక చెబుతాను. ఇప్పుడు అమ్మవద్దు. ఇంజను బాగున్న కారుకు 27 వేలు పెడితే ఇంకో రెండేండ్లు నిశ్చింతగా నడుస్తుంది. నెలకు వేయి పైచిలుకు అవుతుంది, కంతులో ఆరవ వంతు కూడా కాదు. అబ్బాయి నిజంగా నెలకు 7,355 కట్టగలిగినవాడైతే అదే సొమ్మును రెండేండ్లు దాచమనండి, 1 లక్షా 76 వేలు దాటుతుంది. పాత కారు ధర దానికి కలిపితే మంచి సెకండ్ హ్యాండ్ కారు నగదుకే వస్తుంది. ఏడాది నిండి నిసాబ్‌కు చేరిన ఆ పొదుపుపై జకాత్ ఉంటుంది. ఇంటి వాడకపు కారుపై ఉండదు.

ఒక తేదీ గుర్తుంచుకోండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏండ్లకు ముగుస్తుంది, మీది 2028లో. తరువాత తనిఖీ చేయించి అయిదేండ్లకు పొడిగించుకోవచ్చు. 600 రూపాయలుగా ఉన్న ఆ రుసుమును 2022 ఏప్రిల్ నుండి 5 వేలు చేశారు. గడువు దగ్గరపడ్డ కారును కొనడానికి జనం వెనుకాడతారు. కనుక అమ్మదలిస్తే 2027 లోనే అమ్మండి, లేదా పొడిగించుకొని వాడండి.

ఈసారి టైర్లు మార్పించేటప్పుడు డిక్కీలోని స్టెపినీ కూడా తీయించి దానిపై ఉన్న నాలుగు అంకెలు చదవండి. మీరు వ్రాసిన దానిని బట్టి అది 2013 నాటిదే అయి ఉంటుంది.