పతకం సాక్ష్యమా, ప్రశస్తియా? – జోన్ ఆఫ్ ఆర్క్ స్మారక పతకాల పఠనం

శాసనంలోని ప్రశస్తిని యథాతథంగా చరిత్రగా స్వీకరించరాదని పరిశోధనలో అడుగుపెట్టిన తొలినాళ్లలోనే మనకు నేర్పుతారు. అదే ప్రశస్తి లోహం మీద బొమ్మగా ఎదురైతే ఆ జాగ్రత్త సడలిపోతుంది. ఫ్రాన్సులో 1909, 1920 ప్రాంతాల్లో విరివిగా వెలువడిన జోన్ ఆఫ్ ఆర్క్ స్మారక పతకాలను ‘యోధసాధ్వి’ రూపాన్ని భద్రపరచిన ఆధారాలుగా పరిగణించడం అటువంటిదే. అవి ఆమె రూపాన్ని భద్రపరచలేదు, కల్పించాయి.

ఆమెను ఎదురుగా చూసి గీసిన చిత్రమేదీ నేడు లభ్యం కాదు. 1429 మే నెలలో పారిస్ న్యాయస్థానపు లేఖకుడొకడు దస్తావేజు అంచున గీసిన చిన్న రేఖాచిత్రం మిగిలింది గాని, అతడు ఆమెను చూసి గీసినది కాదది. అందులో ఆమె ధరించినది కవచం కాదు, స్త్రీల దుస్తులు. కనుక పతకాలపై కనిపించే ముఖం పూర్తిగా శిల్పి ఊహ.

ఖడ్గం విషయం మరింత కీలకమైనది. ఖడ్గం కంటె ధ్వజమే తనకు నలభై రెట్లు ప్రియమనీ, ఎవరినీ చంపకుండా ఉండేందుకే దాడివేళ ధ్వజాన్ని తానే మోశాననీ, ఎన్నడూ ఎవరినీ చంపలేదనీ ఆమె 1431 నాటి విచారణలో చెప్పింది. ఖడ్గం ఎత్తి నిలిచిన మూర్తిని మలచిన శిల్పికి ఈ వాఙ్మూలం అడ్డు కాలేదు. 1920 మే 16న 15వ బెనెడిక్ట్ పోపు ఆమెను పునీతురాలిగా ప్రకటించినప్పుడు సైతం ఆమెకు దక్కిన స్థానం కన్యగానే. వేదసాక్షిగా కాదు, యోధగా అసలే కాదు. ‘యోధసాధ్వి’ అన్న సమాసం మతపీఠం ఇచ్చినది కాదు, టంకశాల పోతపోసినది.

ఈ పతకాలను ఆధారాలుగా చూపేవారు తప్పక చదవవలసినది ఆ విచారణలోని అభియోగపత్రం. డెబ్బై అభియోగాలలో యాభైరెండవది, పునీతులకు చేసినట్లే జనం ఆమె ప్రతిమలను ఆలయాల్లో నిలుపుతున్నారనీ, ఆమె రూపాన్ని సీసం మీదా ఇతర లోహాల మీదా వేయించి ధరిస్తున్నారనీ ఆరోపించింది. అంటే నాడు పతకమే నేరానికి రుజువు! దాదాపు ఐదు శతాబ్దాల తరువాత అదే పతకం పుణ్యానికి గుర్తయింది. మారినది లోహం కాదు, దానికి అర్థం చెప్పే అధికారం. 1904లో వాటికన్‌తో సంబంధాలు తెంచుకుని, 1905లో చర్చిని రాజ్యం నుంచి వేరుచేసిన ఫ్రాన్సులో మతవాదులకూ గణతంత్రవాదులకూ ఏకకాలంలో పనికివచ్చిన మూర్తి ఆమె. 1920 జూలైలో ఆమె పేర జాతీయోత్సవాన్ని చట్టం చేసినదీ ఆ గణతంత్రమే. ఈ పతకాలు నమ్మకంగా సాక్ష్యమిచ్చేది ఈ కాలానికి; పదిహేనవ శతాబ్దికి కాదు.

ఇవి మన వీరగల్లులకు పాశ్చాత్య రూపమని సరిపెట్టుకోవచ్చుననేవారు ఉండవచ్చు. పోలిక ఆకర్షణీయమే, కాని నిలవదు. వీరగల్లు సాధారణంగా పోరులో పడినవాని కోసం ఒకచోట నాటిన ఒక్క రాయి. జోన్ పోరులో పడలేదు. తీర్పు చెప్పి దహించారు. పతకమో, ఒక్క అచ్చు నుంచి వేలుగా పుట్టి, కొన్నవారి మెడలో వారి అర్థాన్నే మోస్తుంది. అందుచేత పతకాన్ని వర్ణించేటప్పుడు ఎవరి బొమ్మ అన్నదానికంటె ముందుగా, ఏ సంవత్సరంలో, ఎవరు, ఎవరికోసం వేయించారో నమోదు కావాలి.