‘అనుకుంటి’ అంటే సరిపోదు

ఇవాళ ఆదివారం కాబట్టి వీధిలో బడి బస్సు హారన్ గోల లేదు. రేపు పొద్దున మళ్లీ మామూలే. టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా, దొరకని సాక్సు, ‘అమ్మా, బస్సొచ్చె’ అంటూ పరుగు! అయితే ఆ బస్సెక్కే పిల్లల్లో తన పేరు తాను చెప్పుకోలేని బిడ్డ కూడా ఉంటే?

కర్నూలులో మా వీధిలో అలాంటి పిల్లాడు ఒకడుండేవాడు. అప్పటికి తొమ్మిదేళ్లు. ఆటిజం. మాట రాదు. భయమేస్తే రెండు చెవులూ మూసుకుంటాడు, అంతే. ఏడెనిమిదేళ్ల కిందటి సంగతి. మార్చి నెల, ఒంటిపూట బడులు. మధ్యాహ్నం బస్సు వచ్చింది. పిల్లాడు దిగలేదు. వాళ్లమ్మ బస్సెక్కి చూస్తే సీట్లో సంచీ ఉంది, బిడ్డ లేడు.

‘ఆయమ్మ దించింటాదిలే అనుకుంటి’ అన్నాడు డ్రైవరు. రోజూ వచ్చే ఆయమ్మ ఆరోజు సెలవు. బదులుగా వచ్చినామె ‘ముందు స్టాపులో పిల్లోళ్లతో పాటు దిగినాడు. ఆడనే వాళ్లిల్లు అనుకుంటి’ అంది. బడికి ఫోన్ చేస్తే ‘బస్సులో వాళ్లు చూసుకుంటారనుకున్నాం’ అన్నారు.

ఆ ఎండలో ముప్పావు గంట వెతికాం. రెండు వీధుల అవతల సోడా బండి నీడలో చెవులు మూసుకుని కూర్చున్నాడు. ‘పేరడిగితే చెప్పకపాయె. ఎవరో ఒకరు వస్తారులే అని పోనీకుండా కూచోబెట్టినా’ అన్నాడు బండాయన. ముగ్గురు జీతగాళ్లు చేయాల్సిన పని, ఏ సంబంధమూ లేని ఆ మనిషి చేశాడు.

నిజానికి ఆ ముగ్గురూ చెడ్డవాళ్లు కారు. డ్రైవరుకు రెండో ట్రిప్పు తొందర. కొత్తగా వచ్చినామెకు ఆ బిడ్డ గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. తప్పంతా ఆ ‘అనుకుంటి’ దగ్గరే ఉంది. మామూలు పిల్లలైతే ‘అంకుల్, మా ఇల్లు ఇది కాదు’ అని అరుస్తారు. వాళ్ల నోరే వాళ్లకు సగం కాపలా. ఈ పిల్లలకు ఆ సగం కూడా పెద్దలే కాయాలి.

మావాడు అదృష్టవంతుడు. అమెరికాలో కాలిఫోర్నియాలోని విట్టియర్‌లో 2015 సెప్టెంబరులో ఆటిజం ఉన్న 19 ఏళ్ల కుర్రాడు, మాట రానివాడు, బడి బస్సులోనే ఉండిపోయాడు. డ్రైవరు చూడకుండా బస్సు నిలిపి వెళ్లిపోయాడు. ఎండకు ఆ కుర్రాడు ప్రాణం విడిచాడు. మరుసటి ఏడాదే అక్కడ చట్టం వచ్చింది. బస్సు వెనుక భాగంలో ఒక మీట ఉంటుంది. ట్రిప్పు ముగిశాక డ్రైవరు చివరిదాకా నడిచి వెళ్లి దాన్ని నొక్కాలి. లేదంటే అలారం మోగుతుంది. మీట నొక్కడానికి నడిచే మనిషి, దారిలో ప్రతి సీటూ చూడక తప్పదు. అదీ కిటుకు!

ఆ దేశం ఎండలకే అలా అయితే, మన కర్నూలు, కడప ఎండల సంగతి వేరే చెప్పాలా?

మన దగ్గర చట్టాలు లేక కాదు. 1997 డిసెంబరులోనే సుప్రీంకోర్టు ఢిల్లీ బడి బస్సులకు నియమాలు పెట్టింది. డ్రైవరుకు అయిదేళ్ల అనుభవం ఉండాలంది, బస్సులో తగిన అటెండరు ఉండాలంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని 16వ సెక్షను ప్రకారం బడులు ఈ పిల్లలకు రవాణా సదుపాయం కల్పించాలి. ఎక్కువ ఆసరా కావలసిన పిల్లలైతే తోడు మనిషికి కూడా. తన సంరక్షణలో ఉన్న బిడ్డను బాధపడేలా ఉద్దేశపూర్వకంగా నిర్లక్ష్యం చేస్తే జైలుశిక్ష వేయవచ్చని 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షను చెబుతోంది. ప్రభుత్వ భవిత కేంద్రాలకు వచ్చే పిల్లలకు దారి ఖర్చులతో పాటు తోడు వచ్చేవారికీ భత్యం ఉంది. అంటే తోడు మనిషి అవసరమని సర్కారే ఒప్పుకుందన్నమాట.

ఏటా బడులు తెరిచే ముందు రవాణా శాఖవారు బస్సులకు ఫిట్‌నెస్ పరీక్ష చేస్తారు. బ్రేకులు చూస్తారు, టైర్లు చూస్తారు. మరి ఆయమ్మకు మూర్ఛ వచ్చిన బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టడం తెలుసా, లేదా? ఆ పరీక్ష మాత్రం బడి యాజమాన్యమే పెట్టుకోవాలి, తల్లిదండ్రులు అడగాలి.

పెద్ద ఖర్చేమీ లేదు. ఒక చిన్న నోటుపుస్తకం చాలు. ఎక్కినప్పుడు ఆయమ్మ సంతకం, దిగినప్పుడు తీసుకున్నవారి సంతకం. చేతి నుంచి చేతికి. రెండోది, బిడ్డ గురించి ఒక కాగితం. ఏం చూస్తే భయం, ఏ మందు వాడుతున్నారు, ఎవరి చేతికి ఇవ్వాలి, ఫోన్ నంబరు. ఆయమ్మ మారినా ఆ కాగితం బస్సులోనే ఉండాలి. మూడోది, ట్రిప్పు అయ్యాక డ్రైవరు వెనక సీటు దాకా నడిచి వెళ్లి అద్దానికి ‘బస్సు ఖాళీ’ అన్న అట్ట తగిలించాలి. ఆటోలో పంపేవారికీ మొదటి రెండూ వర్తిస్తాయి. ఆపద అనిపిస్తే పిల్లల సహాయవాణి 1098 ఉండనే ఉంది.

మావాడి బస్సులో ఆ నోటుపుస్తకం మొదలైంది. వాళ్లమ్మే పట్టుబట్టి పెట్టించింది. మొదట్లో డ్రైవరు విసుక్కున్నాడు. నెల తిరిగేసరికి ‘అమ్మా, సంతకం మర్చిపోతివే’ అని ఆయనే పిలవడం మొదలుపెట్టాడు.

రేపు పొద్దున బస్సు రాగానే మీరూ ఒక్క మాట అడగండి. ‘మా బిడ్డ దిగేదాకా ఎవరిది పూచీ?’ అని. ‘నాది’ అని ఒక మనిషి చెయ్యెత్తాలి. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటే మాత్రం, ఆ బస్సు ఎక్కించే ముందు ఇంకొంచెం ఆలోచించండి.