సిమ్ము ఎవరి పేరు మీద వుంది?

ఈ ఏడాది మొదట్లో ఒక విదేశీ సదస్సుకి బయల్దేరే ముందు, మెదక్ రాందాస్ చౌరస్తా దగ్గర ఒక ఫోన్ల దుకాణానికి వెళ్లాను. పరాయి దేశంలో పదిరోజులు నా ఫోను పనిచెయ్యాలి, అంతే. కుర్రవాడు ఓపిగ్గా చెప్పాడు. పాత నంబరు మీదే రోమింగు ప్యాకు వేసుకోవచ్చు. ఖర్చు ఎక్కువ, కానీ నంబరు మారదు. అక్కడ దిగాక పాస్‌పోర్టు చూపించి ఆ దేశపు సిమ్ము కొనుక్కోవచ్చు. చవక, కానీ నంబరు కొత్తది. ప్లాస్టిక్ ముక్క అవసరం లేని ఇ-సిమ్ము కూడా వుంది. ఇక్కడే డబ్బు కట్టి ఎక్కించుకోవచ్చు, కాకపోతే అందుకు తగ్గ ఖరీదైన ఫోను వుండాలి. “ఏది మంచిదనిపిస్తే అది తీసుకోండి మేడం” అన్నాడు.

అదే బల్ల దగ్గర ఇంకొకామె నిలబడి వుంది. రామాయంపేట వైపు పల్లె. బీడీలు చుట్టి చుట్టి అరిగిన వేళ్లు. ఇంటిపనికి కువైట్ పోతోంది. వెంట మరిది వచ్చాడు. “ఈ సిమ్ము ఆడ నడుస్తదా తమ్మీ?” అని అడిగింది. కుర్రవాడు ఆమెకి జవాబు చెప్పలేదు. మరిది వైపు తిరిగి, “ఆడికి వోయినంక సేటు ఇంకో సిమ్ము ఇస్తడు. ఇది ఎవరి పేరు మీదున్నది?” అన్నాడు. “నా పేరు మీదనే.” “అయితే ఈడనే ఉంచుకోరాదే. బ్యాంకు మెసేజులు దీనికే వస్తయి గద.” ఆమె ఫోను వెనక మూత తీసి, బ్యాటరీ తీసి, సిమ్ము మరిది చేతిలో పెట్టింది. వ్యవహారం రెండు నిమిషాల్లో ముగిసింది.

నాకు మూడు దారులు చూపించిన బల్ల దగ్గరే ఆమెకి ఒక్క దారీ చూపించలేదు. నేను పదిరోజులకి పోతున్నాను, ఆమె రెండేళ్లకి. నేను పోయేది మాట్లాడి రావడానికి, ఆమె పోయేది కుటుంబాన్ని బతికించడానికి. ఎవరికి ఫోను ఎక్కువ అవసరమో చెప్పడానికి సమాజశాస్త్రంలో డాక్టరేటు అక్కర్లేదు.

సిమ్ము అంటే గోరంత ముక్క. అందులో ఒక గుర్తింపు సంఖ్య, ఒక రహస్య తాళం వుంటాయి. ఫోను చేస్తున్నది ఫలానా మనిషేనని నెట్‌వర్కు నమ్మేది దాన్నిబట్టే. మొదట్లో అంతవరకే. తర్వాత బ్యాంకు, ఆధార్, గ్యాసు, పింఛను, అన్నీ వచ్చి ఆ నంబరుకి వేలాడాయి. వేలిముద్ర మానిపించి సంతకం నేర్పడానికి మన స్త్రీలతో రాత్రిబళ్లు నడిపాం. ఇవాళ సంతకం స్థానంలో ఓటీపీ వచ్చి కూచుంది. సంతకమైతే చేతిలో వుండేది. ఓటీపీ మరిది జేబులో వుంది. ఆమె కువైట్‌లో గిన్నెలు తోమి పంపే ప్రతి రూపాయి మీదా సంతకం చేసేది అతనే.

ఇది అతని దుర్మార్గం అని నేననడం లేదు. అతను మంచివాడే కావచ్చు. పొలం పట్టా మొగుడి పేరు మీదుంటే ఆ మొగుడు మంచివాడా చెడ్డవాడా అని మనం ముందు అడగం. పట్టా ఎవరి పేరు మీద వుందని అడుగుతాం. ఆడపిల్లకి ఆస్తిలో వాటా కావాలని కొట్లాడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చట్టం తెచ్చుకున్నాం. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. ఆస్తి గురించి అంత స్పష్టంగా ఆలోచించిన వాళ్లం, ఆస్తికి తాళంచెవి అయిపోయిన నంబరు గురించి ఎందుకు ఆలోచించడం లేదు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాను స్వయంగా వాడుకునే ఫోను వున్న స్త్రీలు దేశంలో సుమారు 54 శాతం. అంటే దాదాపు సగంమందికి ఆ ఫోనే లేదు. వున్నవాళ్లలో కూడా, వాడుకునే ఫోను వేరు, తన పేరు మీద వున్న సిమ్ము వేరు.

ఇప్పుడు అవతలి ఒడ్డు చూద్దాం. గల్ఫ్ దేశాల్లో వుండి పనిచేసేవాళ్లకి సిమ్ము కావాలంటే మామూలుగా ఆ దేశపు గుర్తింపు కార్డు చూపించాలి. సౌదీలో 2016 నుంచీ వేలిముద్ర కూడా వెయ్యాలి. ఇంటిపనికి వెళ్లిన స్త్రీకి ఆ కార్డు వచ్చేది యజమాని, అంటే కఫీల్, కాగితాలు కదిపినప్పుడే. అంతదాకా ఆమె చేతికి వచ్చేది అతని పేరు మీద వున్న సిమ్ము, లేదా ఏమీ వుండదు. సిమ్ము అతనిదైతే ఎప్పుడు ఆపాలో అతని ఇష్టం. ఇంట్లో వైఫై వున్నా దాని సంకేతపదం యజమానురాలి దగ్గర వుంటుంది. ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్స్‌ని ఏళ్ల తరబడి ఆపి వుంచారు. అనుమతి పొందిన యాప్‌కి చాలాకాలం డబ్బు కట్టాల్సి వచ్చేది. సౌదీ 2017లో ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధం ఎత్తేసింది. కానీ యజమాని పెట్టిన నిషేధం ఎత్తెయ్యడానికి ఏ సర్కారు వస్తుంది?

పెద్దతరానికి గుర్తుంటుంది. దుబాయి పోయిన మనిషి గొంతు క్యాసెట్లో వచ్చేది. ఎస్టీడీ బూతు ముందు ఆదివారాలు వరసలు. ఉత్తరం రాయించడానికి ఒకరి చెయ్యి కావాలి, చదివించుకోవడానికి ఇంకొకరి నోరు కావాలి. గుట్టు అనేదే లేదు. ఫోను ఆ పరాధీనత పోగొడుతుందనుకున్నాం. పరాధీనత పోలేదు, చేతులు మారింది. ఇక్కడ మరిది, అక్కడ కఫీల్. ఇద్దరి పేర్ల మీదా సిమ్ములున్నాయి. మధ్యలో కష్టపడే ఆమె పేరు మీద ఏమీ లేదు.

మన ప్రభుత్వానికి ఆమె మీద శ్రద్ధ లేదా అంటే, చాలా వుంది. 1983 వలస చట్టం కింద, పదో తరగతి దాటని స్త్రీ గల్ఫ్‌తో సహా 18 దేశాలకి పనికి పోవాలంటే అనుమతి కావాలి. ఇంటిపనికి పోయే స్త్రీకి 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచీ అలాంటి స్త్రీలని పంపే పని ప్రభుత్వ సంస్థలే చెయ్యాలన్నారు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్. రక్షణ పేరుతో ఆమె వయసు అడిగారు, చదువు అడిగారు. మగవాడికి లేని షరతులు కూడా ఆమెకి పెట్టారు. ఫలితంగా సందర్శకుల వీసా మీద పంపే దొంగ ఏజెంట్ల గిరాకీ పెరిగింది. అంత రక్షణలోనూ, తన పేరు మీద, అక్కడ దిగిన రోజునుంచే పనిచేసే ఒక నంబరు ఆమె చేతిలో వుండాలన్న షరతు లేదు. ఆపదొస్తే 2015లో పెట్టిన ‘మదద్’ పోర్టల్లో ఫిర్యాదు వేసుకోవచ్చు. వెయ్యడానికి ఫోను కావాలి. మనదేశంలో 1800తో మొదలయ్యే ఉచిత నంబర్లు మామూలుగా విదేశాల నుంచి కలవవు. గోడ దూకితే తప్ప గొంతు వినిపించని చోటికి ఆమెని పంపి, గోడకి ఇవతల ఫిర్యాదుల పెట్టె కట్టిపెట్టాం.

ఇది కొత్త గొంతెమ్మ కోరికేమీ కాదు. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపని కార్మికుల కోసం 189వ ఒడంబడిక చేసింది. పాస్‌పోర్టు, గుర్తింపు పత్రాలు కార్మికురాలి దగ్గరే వుండాలని అందులో రాశారు. భారతదేశం దాన్ని ఆమోదించలేదు. 2018 ఫిబ్రవరిలో కువైట్‌లో ఒక ఫిలిప్పీన్స్ ఇంటిపని కార్మికురాలి శవం ఫ్రీజర్లో దొరికింది. ఆ దేశం అట్టుడికిపోయింది, కువైట్‌కి మనుషుల్ని పంపడం ఆపేసింది. ఆ మే నెలలో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. పాస్‌పోర్టుతోపాటు మొబైల్ ఫోను కూడా కార్మికురాలి దగ్గరే వుండాలని అందులో పెట్టారు. ఫోను పాస్‌పోర్టంత ముఖ్యమని రాయించడానికి ఒక స్త్రీ చావాల్సి వచ్చింది. మనం 2021 జూన్‌లో ఇంటిపనివారి విషయమై కువైట్‌తో అవగాహన పత్రం రాసుకున్నాం. కడప, గోదావరి జిల్లాల నుంచి ఎన్నేళ్లుగానో స్త్రీలు కువైట్ పోతూనే వున్నారు. వాళ్లు సంతకం చేసే పనిఒప్పందంలో ఫోను మాట తెలుగులో కనపడాలని అడగడానికి మనకి ఎవరి చావు కావాలి?

మన మిత్రుల్లో కొందరి అభ్యంతరాలు నాకు తెలుసు. జీతాలివ్వని చోట, కొట్టే చోట సిమ్ము గురించి మాట్లాడడం చిన్న విషయం కాదా అంటారు. జీతం ఇవ్వలేదని చెప్పుకోవాలన్నా, కొట్టారని చెప్పుకోవాలన్నా ముందు చెప్పుకునే సాధనం వుండాలి. మిగిలిన హక్కులన్నిటికీ గడప అది. ఇంకొందరు, ఫోను వల్లే ఆడవాళ్ల మీద నిఘా పెరిగిందంటారు. నిజమే. గల్ఫ్‌లో వున్న భర్త వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపించమంటే, మెదక్ పల్లెలో భార్య వణికే చేత్తో ఫోను తిప్పడం నేను కళ్లారా చూశాను. అందుకే ఫోను వుండడం చాలదంటున్నాను. ఎవరి పేరు మీద వుంది, తాళం ఎవరికి తెలుసు, ఆపే అధికారం ఎవరిది, ఈ మూడు ప్రశ్నలూ అడగాలి. బావి వూళ్లో వున్నంత మాత్రాన నీళ్లు అందరికీ అందలేదని మనకి తెలియనిదా?

పనిలోపని మన తప్పు కూడా ఒప్పుకుందాం. దుకాణం నుంచి వచ్చిన రాత్రి నా పాత సర్వే పట్టికలు తీసి చూశాను. వలస కుటుంబాల స్త్రీలతో గంటలకొద్దీ మాట్లాడి రాసుకున్నవి. ‘ఫోను నంబరు’ అన్న గడిలో వరసగా భర్తవి, కొడుకువి, మరిదివి. నేనే రాశాను, నా చేత్తోనే. ‘ఇది ఎవరి నంబరమ్మా’ అన్న రెండో ప్రశ్న నాకు తట్టనేలేదు. మన పొదుపు సంఘాల రిజిస్టర్లు, మన శిక్షణా శిబిరాల హాజరు పట్టికలు తీసి చూడండి. అక్కడా ఇదే కనపడుతుందని నా అనుమానం.

కాబట్టి చెయ్యాల్సింది ముందు మన దగ్గర మొదలుపెడదాం. వలస పోయే ప్రతి స్త్రీ బయల్దేరకముందే తన ఆధార్ మీద తన సిమ్ము తీసుకోవాలి. తన పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో ‘సంచార్ సాథీ’లో చూసుకోవచ్చు. ఆమెకి తెలియకుండా తీసినవి వుంటే అక్కడే ఫిర్యాదు చెయ్యాలి. బ్యాంకులో ఆ నంబరే వుండాలి. రోమింగు తెరిపించుకుని, రీచార్జి గడువు దాటకుండా చూసుకోవాలి. వాడకుండా నెలలు వదిలేస్తే నంబరు రద్దయి మరొకరికి పోతుంది, ఆమె బ్యాంకు సందేశాలూ వాళ్లకే పోతాయి. 2023లో 10 దేశాల ఫోను నంబర్లతో యూపీఐ వాడుకోవచ్చన్నారు. అది ప్రవాస ఖాతాలున్నవారికే. ఆ మొదటి జాబితాలో కువైట్ పేరు లేదు. ఇక్కడి జన్‌ధన్ ఖాతాతో పోయే ఇంటిపని మనిషికి ఇక్కడి సిమ్మే దిక్కు. రాయబార కార్యాలయం నంబరు ఫోన్లోనే కాక కాగితం మీదా, వీలైతే నోటికీ వుండాలి. ఫోను గుంజుకుంటే అందులోని నంబర్లు దానితోనే పోతాయి.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి మూడు. బయల్దేరేముందు ఇచ్చే ఒకరోజు శిక్షణలో ఆమె పేరు మీద పనిచేసే నంబరు వుందో లేదో చూసి, లేకపోతే ఇప్పించాలి. మొదటి మూడు నెలల రోమింగు ఖర్చు పంపే సంస్థ భరించాలి. ఫోను ఆమె దగ్గరే వుండాలన్న షరతు పనిఒప్పందంలో తెలుగులో రాసి వుండాలి. దాన్ని మీరినవాడికి మళ్లీ మన స్త్రీలని పంపకూడదు.

ఇంతకీ ఆమె సంగతి. ఆ రోజు బస్‌స్టాండు దాకా వెంటపడి పలకరించాను. మర్నాడు ఒంటరిగా వచ్చింది. తన ఆధార్‌తో కొత్త సిమ్ముకి అరగంట పట్టింది. బ్యాంకుకి పోతే, నంబరు మార్చాలంటే ఇంట్లో మగవాళ్లని తీసుకురమ్మన్నారు. ఖాతా ఆమెది, వేలిముద్ర ఆమెది, నిబంధన ఎక్కడా లేదు. రెండోసారీ అదే మాట. మూడోసారి మా సంఘం నుంచి ఐదుగురం వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాం. పదినిమిషాల్లో మారింది. బయటికొచ్చి, బీడీల లెక్క రాసుకునే పుస్తకం చించిన పేజీ నాకిచ్చి, “నీ నంబరు పెద్దగ రాసియ్యి అక్కా. చదువు రాదు గని అంకెలు నాకు తెలుసు” అంది.

ఇప్పుడామె కువైట్‌లో వుంది. శుక్రవారం శుక్రవారం ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది, బాగానే వున్నానని గుర్తు. రెండు శుక్రవారాలు రాకపోతే ఏం చెయ్యాలో మేం రాసిపెట్టుకున్నాం. ప్రతి శుక్రవారం సాయంత్రం ఫోను పక్కనే పెట్టుకుని కూచుంటాను. అది మోగినప్పుడు తెరమీద కనపడే నంబరు మరిదిది కాదు, కఫీల్‌దీ కాదు. ఆమెది.