బెంచి మిత్రుడిది ఏ వరస?

సావనీరు అన్నాక శ్రద్ధాంజలి పేజీ ఒకటి ఉండి తీరాలి. చుట్టూ నల్లగీత, లోపల ఫొటో, కింద ఆత్మశాంతి వాక్యం. ఆ పేజీకి ఎక్కాలంటే మాత్రం అర్హత కావాలి. మంత్రిగిరి వెలగబెట్టి ఉండాలి, పెద్ద పదవిలో రిటైరై ఉండాలి, లేదంటే తుపాకి గుండుకు ఎదురు నిలిచి ఉండాలి. మామూలుగా బతికి మామూలుగా పోయినవాడికి అందులో చోటు లేదు. నా పేచీ అక్కడే.

మన సిటీ కాలేజీకి తలుచుకోవలసినవాళ్ళు తక్కువేం కాదు. 1939లో ఇక్కడ అధ్యాపకుడిగా చేరి, 1941లో ఆ ఉద్యోగం వదిలేసి కార్మికుల్లోకి నడిచిపోయిన మఖ్దూం మొహియుద్దీన్ 1969 ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూశాడు. ఆయన్ని ఈ నగరం మరిచిపోలేదు. 1952 సెప్టెంబరులో ముల్కీ ఉద్యమం నాడు ఈ కాలేజీ దగ్గరే పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ జరిపారు. ఇప్పటికీ తెలంగాణ మాట వచ్చిన ప్రతిచోటా ఆ సంగతి వస్తుంది, రావాలి కూడా. వాళ్ళ వెనుక చరిత్ర నిలబడి ఉంది. నేను చెప్పబోయేవాడి వెనుక లక్కగాజుల దుకాణం ఒక్కటే ఉంది.

నా బడి మిత్రుడు 2023లో పోయాడు. గుండెపోటు. యాభై కూడా నిండలేదు. ఆ కబురు మా బ్యాచి వాట్సాప్ గ్రూపుకు రాత్రిపూట చేరింది. తెల్లారేసరికి చేతులు జోడించిన బొమ్మలు వరుసకట్టాయి. మధ్యాహ్నం ఎవరిదో పెళ్ళిరోజు, వెంటనే పూలగుత్తులు. అది చూసి ఎవరి మీదా కోపం రాలేదు గానీ, ఒక ప్రశ్న మాత్రం పట్టుకుంది. చావుకు మన దగ్గర అన్ని లెక్కలూ ఉన్నాయి. దాయాదికి ఇన్నాళ్ళు మైల, అల్లుడికి ఇంత, మేనమామ వచ్చి ఇది చెయ్యాలి అని. వాళ్ళవైపు మూడోనాడు జియారత్ ఉంది, నలభయ్యోనాడు చెహ్లుం ఉంది, పిలవడానికి ఖాందాను ఉంది. మరి పదేళ్ళు ఒకే బెంచీ మీద మోచెయ్యి మోచెయ్యి తగిలించుకుని కూర్చున్నవాడిది ఏ వరస? అటూ లేదు, ఇటూ లేదు.

పాతబస్తీలో ఈ ప్రశ్న ఇంకొంచెం బరువైనది. మా బడి శాలిబండ వైపు. మాది గౌలిపురా, అతనిది చార్మినారుకు అవతల. తెలుగు పీరియడు గంట కొట్టగానే అతను లేచి ఉర్దూ గదికి పోయేవాడు. నలభై నిమిషాలు బెంచీలో సగం ఖాళీ. మళ్ళీ లెక్కల సారు వచ్చేలోపల వచ్చి కూర్చునేవాడు. మా ఇద్దరి మధ్య బడి పెట్టిన ఎడం అంతే, ఆ నలభై నిమిషాలే. మిగతా ఎడం అంతా బయటినుంచి వచ్చింది.

1990 డిసెంబరు గురించి ఈ తరానికి చెప్పాలి. అల్లర్లు, కర్ఫ్యూ, కత్తిపోట్లు. ఆ నెలలోనే ముఖ్యమంత్రి చెన్నారెడ్డి దిగిపోయారు. మేము పదోతరగతిలో ఉన్నాం. కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో జనం పాలకీ కూరగాయలకీ పరుగెత్తుతుంటే, ఈ మనిషి సైకిలేసుకుని మా గల్లీకి వచ్చి నా సైన్సు రికార్డు ఇచ్చిపోయాడు. బొమ్మలు గీసి ఇస్తానని తీసుకున్నది. "ఇమ్తెహాన్ హై నా" అన్నాడు, అంతే. మా నాయన వాడిని గల్లీ చివరిదాకా దింపి వచ్చాడు. ఆ తర్వాత రెండుమూడేళ్ళలో మా గల్లీలోంచి వాళ్ళు అటు, వాళ్ళ గల్లీలోంచి మావాళ్ళు ఇటు, ఇల్లు ఇల్లుగా సర్దుకున్నారు. బెంచీ ఒక్కటే కలిపి ఉంచిన చోటు అని అప్పుడు తెలిసింది.

క్లాసులో సగం రికార్డుల్లో బొమ్మలు అతను గీసినవే. లెక్కలు తప్పాడు, మళ్ళీ కట్టలేదు. లాడ్ బజారులో కుంపటి ముందు కూర్చున్నాడు. లక్కను బొగ్గుల సెగకు మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరకముందే రాళ్ళు అద్దాలి. చెయ్యి వణికితే వరస చెడుతుంది. ముప్పై ఏళ్ళు అదే పని. అతను పోయిన మరుసటి ఏడు, 2024లో, హైదరాబాదు లక్కగాజులకు జీఐ గుర్తింపు వచ్చింది. పేపర్లలో గాజుల ఫొటోలు వేశారు. చేతుల ఫొటో ఎక్కడా చూడలేదు.

నేను పుర్సాకు పోయాను. వాళ్ళమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఓదార్పు మాటలు నాకు ఉర్దూలో సరిగ్గా రావు, తెలుగులో ఆమెకు రావు. కాసేపటికి ఆమే అడిగింది, "వాడు బళ్ళో ఎట్లుండేవాడు బేటా?" అని. చెప్పాను. రికార్డుల సంగతి, కర్ఫ్యూనాటి సైకిలు, హెడ్మాస్టరు బొమ్మ నల్లబల్ల మీద గీసి దెబ్బలు తిన్నది. కర్ఫ్యూలో సైకిలు మీద వచ్చిన సంగతి ఆమెకు అప్పటిదాకా తెలియదట. పెద్దకొడుకు వచ్చి పక్కన కూర్చున్నాడు. "అబ్బా బొమ్మలు గీసేవాడా?" అన్నాడు. వాడికి తండ్రి అంటే కుంపటి, రాళ్ళ డబ్బా. ఆ ఇంట్లో ఆ జవాబు చెప్పగలిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. వరస లేదు సరే, పని మాత్రం ఉంది.

అందుకని యూనియన్ మిత్రులకు నా సూచన ఒకటి. వచ్చే సంచికలో ఒక పేజీ వదలండి, బడి మిత్రుల కోసం. మనతో చదివి, కాలేజీ మెట్లు ఎక్కక, పోయినవాళ్ళ కోసం. కాలేజీలో చదవనివాడికి కాలేజీ సంచికలో చోటేమిటని కొందరు అంటారని తెలుసు. అనేవాళ్ళు ఒక్కసారి గుర్తు తెచ్చుకోవాలి: ఇది మొదట సిటీ హైస్కూలు. 1921లో ఇంటర్ క్లాసులు పెట్టారు, 1929లో కాలేజీ అయింది. మూసీ ఒడ్డున మనం గర్వంగా చూపించుకునే ఈ భవనంలో ముందు పడినవి బడి బెంచీలే.

ఫొటో అక్కర్లేదు, కవిత్వం అసలే వద్దు. ఒక్కొక్కరికి మూడు వాక్యాలు: ఏ బడి, ఏ బెంచీ, ఏ పని చేసుకుని బతికాడు. షరతు ఒక్కటే, ఇంటికి పోయి అడగనిదే పేరు అచ్చువెయ్యకూడదు. ఫోనులో అడగడం చెల్లదు. నా మిత్రుడి పేరు ఈ వ్యాసంలో లేకపోవడానికి కారణం అదే, ఇంకా అడగలేదు. రంజాను అయ్యాక పోతున్నాను. పెద్దవాడికి ఇప్పుడు దుకాణంలో తీరిక దొరికేది అప్పుడే.