గృహచర్చ: పెరటి యీతతొట్టికి రాయియా, సున్నమా, సిమెంటా?



మనుమలు సెలవులకు వచ్చునప్పటికి పెరటిలో నొక యీతతొట్టి కట్టింపవలెనని తలచిన యొక సోదరి మాకు జాబు వ్రాసినది. బేల్దారి సిమెంటే మేలనుచున్నాడట; మామగారు నాపబండలు తప్ప మఱియొకటి పనికిరాదనుచున్నారట; కుమారుడు పట్టణమునుండి ఫైబరు తొట్టి తెప్పించెదననుచున్నాడట. ముగ్గురి మాటలోను కొంత నిజము కలదు. కాని ముందుగా మేమడుగునది వేఱు: ఆ తొట్టికి నీరేది?

పదియడుగుల పొడవు, ఆఱడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గల తొట్టి నిండుటకు 180 ఘనపుటడుగుల నీరు, అనగా నించుమించు 5,100 లీటర్లు కావలెను. పదునైదు లీటర్ల బిందెతో 340 బిందెలు! చైత్ర వైశాఖములలో పత్తికొండలో బిందె నీటి విలువ యెఱిగిన యిల్లాలికి ఈ లెక్క చాలును. మీ బోరు వేసవిలో ఎండునట్టిదైనచో ఈ తలంపు మానుకొనుడు. నీటి వసతి యున్నచో మాత్రము మేము వలదనము. పూర్వము పిల్లలు నడుమునకు ఎండు సొరకాయబుఱ్ఱ కట్టుకొని పొలము బావులలో ఈత నేర్చెడివారు. ఆ బావులు పెక్కు లెండినవి. హంద్రీనీవా కాలువ వచ్చినది. కాలువ నీరు చూచి పిల్లలు దిగక మానరు. తల్లి కన్నులయెదుట నేర్చుటయే క్షేమము.

ఇక సామగ్రి. సర్ తామస్ మన్రో 1827 జూలై 6వ తేదీన ఈ పత్తికొండలోనే కలరా సోకి మరణించెను. ఆయన జ్ఞాపకార్థము దొరతనమువా రిచ్చట తోపు నాటించి, రాతిమెట్ల బావి కట్టించిరి. ఆ దినములలో మన సీమవారికి రాయి, సున్నమే యాధారము. సున్నమును ఇసుకతో గానుగలో నూఱి, ఇటుకపొడి కలిపెడివారు. ఉత్త సున్నము గాలి తగిలిననేగాని గట్టిపడదు. ఇటుకపొడి కలిసినది తడిలో సహితము గట్టిపడును. కరక్కాయ నీరు, బెల్లపు నీరు పోయుటయు పెద్దల వాడుకయే. అట్టి గచ్చు మెల్లగా ఆఱును, చీలికలకు లొంగదు. కాని ఆ పని తెలిసిన చేయి నేడు దొరకుట యరుదు. దొరకినచో విడువకుడు.

నాపబండ మన సొత్తు. బేతంచెర్ల, కడప ప్రాంతముల గనులనుండి వచ్చును, వెల యందుబాటులోనుండును. అయినను అది సున్నపురాయి జాతి. వంటయింటి కడపబండమీద చింతపండు పులుసొలికిన చోట తెల్లని మచ్చ పడుటను మీరు చూచియే యుందురు. పులుపు సున్నపురాతిని తినివేయును. కావున నాపబండ పఱచిన తొట్టిని ఆసిడుతో కడుగరాదు. మెఱుగు పెట్టిన బండ తడిసినచో కాలు జాఱును. అడుగున, మెట్లపైన గరుకు ముఖమునే పైకి పెట్టింపవలెను. నల్లబండ మధ్యాహ్నమున అరికాలు కాల్చును గనుక గట్టుకు లేతరంగు బేతంచెర్ల బండయే మేలు. గ్రానైటు పులుపునకు లొంగదు గాని చేతిలో ధనముండవలెను.

నాపబండ గోడకు తొడుగే గాని గోడ కాదు. గోడ యిటుకదైనచో, రెండిటుకలను తాకించి చూడుడు, కంచువలె మ్రోగవలెను. ఒక దినము నీట నానవేసి తూచినచో ఎండు బరువులో అయిదవవంతుకన్న నెక్కువ నీరు త్రాగరాదు. ఈ పరీక్షకు ఇంటి తక్కెడ చాలును. లోపలి పూతకు ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు కడిగిన యిసుక.

ఇచ్చట మా తెలివితక్కువ చెప్పుకొనవలసియున్నది. మేమొక వైశాఖమున తొట్టి కట్టించి, పూతపై నీరు చల్లుటకు లోభించితిమి. రెండు దినములే తడిపితిమి. పది బిందెలు మిగిలినవని సంతోషించితిమి. నెల తిరుగక మునుపే వెండ్రుకవంటి చీలికలు పుట్టి, నీరు నేలలో నింకి, వంటయింటి గోడ చెమ్మగిల్లినది. తొట్టిని పగులగొట్టించుటకు కూలియు మేమే యిచ్చితిమి. తడిపిన గోనెపట్టలు కప్పి తక్కువలో తక్కువ ఏడు దినములు, ఎండకాలమున పది పదునాలుగు దినములు పూతను తడిగా నుంచవలెను. కార్తికమున కట్టించినచో శ్రమ తగ్గును.

మఱియొక తప్పును మాదే: నేల చూడలేదు. నల్లరేగడి తడిసిన నుబ్బును, ఎండిన బీటలు వాఱును. దానిపై నే తొట్టియు నిలువదు. ఆ మన్ను తీయించి, గరుసు పోయించి, దిమ్మిస వేయింపవలెను. ఎఱ్ఱనేలయైనచో ఈ ఖర్చు చాలవఱకు తప్పును.

ఫైబరు తొట్టి రెండు దినములలో అమరును, కాఱదు. అద్దెయింటివారికి అదియే తగినది. ఇల్లు మాఱినప్పుడు వెంట పోవును. దానికిని అడుగున చదునైన నేల కావలెను, పైన నీడ కావలెను.

ఏది కట్టించినను, అడుగున వాలు, వాలు చివర తూము మఱవకుడు. వారమున కొకసారి నీరు విడిచి, గోడలు రుద్ది, ఆఱనీయనిచో దోమపిల్లలు పుట్టును. విడిచిన నీరు అరటికి, కొబ్బరికి మళ్లింపుడు; బ్లీచింగు పొడి వేసినదైనచో రెండు దినము లెండలో నుంచి పిదప మళ్లింపుడు. చంటిపిల్లకు జానెడు నీరైనను ప్రాణాపాయమే. చుట్టును నడుమెత్తు గోడ, గడియ లోపలకు చేయి యందని తలుపు, ఈ రెండును అంచనాలో మొదటనే వ్రాయింపుడు. పిదప డబ్బు చాలలేదని బేల్దారి మొదట మానివేయునవి ఇవియే.